ఒంగోలులో ఒక రంగాలంకరణ సంస్థ: రెండు ప్రదర్శనల తరువాత రాస్తున్న సమీక్ష

గత ఏడాది మా నాటక సమాజం తరఫున జరిగిన రెండు ప్రదర్శనలకు రంగాలంకరణ, అంటే తెరలు, సెట్టు, సామగ్రి పనంతా ఒంగోలులోని ఒకే సంస్థకు అప్పగించాము. మొదటిది నాటక పరిషత్తు పోటీకి సిద్ధం చేసుకున్న గంట నిడివి సాంఘిక నాటిక. రెండవది శివరాత్రికి కందుకూరు దగ్గరి ఒక పల్లెలో తెల్లవార్లూ సాగిన హరిశ్చంద్ర పద్యనాటకం. ఒకదానికి రైతు ఇల్లు, పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) కావాలి. మరొకదానికి దర్బారు, అడవి, శ్మశానం కావాలి. ఇంత తేడా ఉన్న రెండు పనులను ఒకే చేతులు ఎలా చేశాయో దగ్గరుండి చూశాను గనుక, రేపు ఇదే సేవ తీసుకోవాలనుకునే సమాజాలకు పనికివస్తుందని వివరంగా రాస్తున్నాను. యజమాని తన పేరు వేయవద్దన్నారు. లోపాలు కూడా చెప్పవలసి ఉన్నది కనుక నాకూ అదే మంచిదనిపించింది.

ఆ చోటు ఒక పొడవాటి రేకుల షెడ్డు. తెరలన్నీ వెదురు బొంగులకు చుట్టి, నేలకు తగలకుండా దూలాల నుంచి తాళ్ళతో వేలాడదీసి ఉంటాయి. సముద్రానికి దగ్గరి ఊరు కావడంతో గాలిలో చెమ్మ ఎక్కువ. జిగురు కలిపిన పొడిరంగులతో వేసిన తెరకు చెమ్మ తగిలితే మరకలు కడుతుంది. మడత పెడితే మడత దగ్గర రంగు పెచ్చులుగా లేస్తుంది. అందుకే ఇక్కడ ఏ తెరనూ మడవరు. గోడ వారగా ఫ్లాట్లు, అంటే కొయ్య చట్రానికి గుడ్డ బిగించి, జిగురు పట్టించి, రంగు వేసిన పలకలు, వెనుక వైపు సుద్దముక్కతో వేసిన అంకెల వరుసలో నిలబెట్టి ఉంటాయి. మరో మూల నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఉన్న ప్లాట్‌ఫాంలు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. లాంతర్లు, ఇత్తడి చెంబులు, ట్రంకు పెట్టెలు, నులక మంచాలు, పాత రేడియోలు ఉన్న అలమర ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియలేదు. ప్రతి వస్తువుకూ చిన్న అట్టముక్క కట్టి, అది ఏ కాలపు ఇంట్లో ఉండదగినదో దాని మీద రాసి పెట్టారు.

తెరలు అద్దెకిచ్చే చోట్లు చాలా చూశాను. సాధారణంగా మొదటి ప్రశ్న ఎన్ని సీన్లు అని, రెండవది స్టేజీ ఎంత అని ఉంటుంది. ఇక్కడ ఆ రెండూ అడగలేదు. "స్క్రిప్టు తెచ్చారా మాస్టారూ? ఇచ్చి వెళ్ళండి, చదివి ఫోన్ చేస్తాను" అన్నారు యజమాని. అద్దె మాట ఎత్తితే, చదవకుండా ఎంతని చెప్పమంటారని ఎదురు అడిగారు. నాలుగు రోజుల తరువాత నిజంగానే ఫోన్ వచ్చింది. మా నాటికలోని ఇంటి పెద్దాయన పొయ్యి దగ్గరికి ఎన్నిసార్లు వెళతాడు, ఎటు నుంచి వస్తాడు, ఆయన కూర్చుని ఉండగా కోడలు నిలబడే మాట్లాడుతుందా, కొడుకు తండ్రికి ఎదురుగా నిలబడి ఆ మాట అంటాడా, పక్కకు తిరిగి అంటాడా: అన్నీ ఇలాంటి ప్రశ్నలే. దర్శకుడిగా నేను అప్పటికి తేల్చుకోని విషయాలు అందులో రెండు ఉన్నాయి.

మన వాడుకలో ఉన్న రంగాలంకరణ అనే మాటలోనే ఒక చిక్కు ఉంది. అలంకరణ అనగానే, నాటకం మొత్తం తయారయ్యాక చివరిలో పైపైన దిద్దే పని అనే భావం కలుగుతుంది. నిజానికి నటుడు ఎక్కడ నిలబడితే అతని మాటకు బలం వస్తుందో, ఎవరికి ఎవరు ఎత్తులో కనిపించాలో, ప్రేక్షకుడి కన్ను మొదట ఎటు పోవాలో నిర్ణయించేది ఈ పనే. స్విట్జర్లాండుకు చెందిన రంగస్థల రూపకర్త అడాల్ఫ్ ఆపియా (1862-1928) వంద సంవత్సరాలకు పూర్వమే ఈ విషయంలో గట్టిగా వాదించాడు. నటుడిది లోతున్న శరీరం, చిత్రించిన తెర లోతు లేని గుడ్డ. ఈ రెంటికీ పొత్తు కుదరదు గనుక రంగస్థలం మీద మెట్లు, ఎత్తుపల్లాలు, వాటి మీద పడే వెలుగు ఉండాలన్నది ఆయన మాట. మన నాట్యశాస్త్రం మరొక దారిలో అక్కడికే వచ్చింది. అందులోని కక్ష్యావిభాగం ప్రకారం రంగస్థలాన్ని కొన్ని భాగాలుగా భావిస్తారు. పాత్ర ఒక భాగం నుంచి మరొక భాగానికి చుట్టి నడిస్తే ఊరు మారినట్టు, ఇల్లు దాటి అడవికి చేరినట్టు ప్రేక్షకుడు గ్రహిస్తాడు. అక్కడ స్థలాన్ని చూపించేది గుడ్డా కాదు, కొయ్యా కాదు, నటుడి నడక. మంచి రంగాలంకరణ ఆ నడకకు సహాయపడాలి. ఈ సంస్థ పనిని నేను ఈ కొలతతోనే చూశాను.

మా నాటిక పొగాకు రైతు ఇంటి కథ. టంగుటూరు, కొండపి వైపు కుటుంబాలకు బ్యారన్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పచ్చాకును కర్రలకు కట్టి, లోపల అంతస్తులుగా వేలాడదీసి, బయటి పొయ్యిలో కట్టె మండించి, ఇనుప గొట్టాల గుండా వేడిని లోపలికి పంపి, రోజుల తరబడి ఆకును పండించి ఆరబెడతారు. ఆ రాత్రులన్నీ పొయ్యి దగ్గర ఒక మనిషి మేలుకొని ఉండాలి. వేడి హెచ్చుతగ్గులైతే ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో ధర పోతుంది. మా కథలో అలా మేలుకొని ఉండే మనిషి ఇంటి పెద్దాయన. బ్యారన్ అమ్మేద్దామంటాడు కొడుకు.

బ్యారన్ మొత్తాన్ని రంగస్థలం మీద నిలబెట్టాలని నా కోరిక. ఇటుక గోడ, రేకుల కప్పు, తలుపు, అన్నీ ఉండాలనుకున్నాను. సంస్థ యజమాని కాగితం మీద ఒక అడుగుకు అర అంగుళం కొలతతో గీసి చూపించి, "మొత్తం బ్యారన్ కట్టబాకండి మాస్టారూ. కడితే జనం బ్యారన్‌నే చూస్తారు, మన పెద్దాయన్ని చూడరు" అన్నారు. నాకు ఆ పూట కష్టంగానే తోచింది. తరువాత ఒక సాయంత్రం ఆయన, పెద్దాయన వేషం వేసే మా నటుడు, నేను కలిసి కొండపి వైపు ఒక రైతు బ్యారన్‌కు వెళ్ళాము. నేను గోడల ఎత్తు చూస్తుంటే ఆయన పొయ్యి నోటి కొలత తీసుకున్నారు. తరువాత లోపలికి వెళ్ళి, నడుమ నిలబడి, తల ఎత్తి చాలాసేపు పైకి చూశారు. అక్కడ కనిపించేవి వరుస మీద వరుసగా కర్రలు, వాటికి వేలాడే ఆకు, వాటి నడుమ చీకటి.

చివరికి మా రంగస్థలం మీదికి వచ్చింది అదే. ఎడమ వైపు, తొమ్మిది, పదకొండు, పదమూడు అడుగుల ఎత్తుల్లో మూడు వరుసల కర్రలు పైనుంచి వేలాడాయి. వాటి కింద మూడడుగుల ఇటుక ఫ్లాటులో కోసిన పొయ్యి నోరు. గోడ లేదు, కప్పు లేదు, వెనుక అంతా నల్లతెర. అన్ని కర్రలకూ నిజమైన ఆకు కడితే పొడి రాలి నటుల కళ్ళలో పడుతుందని, పై రెండు వరుసలకు రంగు అద్దిన గుడ్డను ఆకు ఆకారంలో కత్తిరించి కట్టారు. కంటికి దగ్గరగా ఉండే కింది వరుసకు మాత్రం బ్యారన్ నుంచి తెచ్చిన అసలు ఆకు కట్టారు. ప్రదర్శన రోజున తెర లేవగానే ఆ ఆకు వాసన ముందు వరుసల దాకా వెళ్ళింది. సంభాషణ ఇంకా మొదలు కాలేదు, పొయ్యి నోట్లో ఎర్రని వెలుగు మాత్రం ఉంది, పెద్దాయన గొంతుక్కూర్చుని కట్టె ఎగదోస్తున్నాడు. ముందు వరుసలో ఒక పెద్దమనిషి పక్కనున్న మనవడికి చెయ్యెత్తి ఆ కర్రలు చూపించడం నేను వింగు (రంగస్థలం పక్కతెర) పక్క నుంచి చూశాను.

ఇంటి అరుగుకు ఒక అడుగు ఎత్తు ప్లాట్‌ఫాం వేసి, పొయ్యిని నేల మీదనే ఉంచారు. ఆ ఒక్క అడుగు తేడా నాటికకు ఎంత చేసిందో చెప్పాలి. కోడలు అరుగు మీద నిలబడి మాట్లాడినంతసేపూ పెద్దాయన తల ఎత్తి వినవలసి వచ్చింది. కొడుకు అమ్మకం మాట చెప్పడానికి మెట్టు దిగి తండ్రి దగ్గరికి వచ్చాడు. చివరి దృశ్యంలో అందరూ ఇంట్లోకి రమ్మని పిలిచినా పెద్దాయన ఆ మెట్టు ఎక్కడు. రిహార్సల్లో నెల రోజులు ఆ నటుడికి మాటలతో వివరించలేక సతమతమైన భావం, మెట్టు ముందుకు వచ్చి ఆగిపోయిన అతని పాదంలో కనిపించింది. ఆ మెట్టు లేకపోతే ఆ ముగింపు నాకు తట్టేది కాదు. అందుకు ఆ సంస్థకు నేను రుణపడి ఉన్నాను.

ప్లాట్‌ఫాం విషయంలో ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నారు. ప్లైవుడ్డు మీద నడిస్తే డొల్ల చప్పుడు వస్తుంది. మన హాళ్ళలో ముందు వైపు నేల మీద పెట్టే మైకులు, పైనుంచి వేలాడదీసే మైకులు ఆ చప్పుడును రెట్టింపు చేసి వినిపిస్తాయి. ఎన్నో మంచి నాటికలలో కరుణ రసం పండవలసిన చోట ఈ దబదబలు వచ్చి పాడుచేయడం విన్నాను. వీళ్ళు ప్లైవుడ్డు మీద కొబ్బరిపీచు చాప పరిచి, దాని మీద మట్టిరంగు గుడ్డ బిగించి కొట్టారు. చప్పుడు దాదాపు లేదు.

తలుపు గురించి కూడా చెప్పాలి. నాటకాల్లో తలుపు చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ, దాన్ని వేసినప్పుడు ఇల్లంతా ఊగితే ప్రేక్షకుడి నమ్మకం అంతటితో పోతుంది. మా నాటికలో కోడలు ఒకసారి తలుపు విసురుగా వేసుకుని లోపలికి పోతుంది. ఆ ఫ్లాటుకు వెనుక రెండు ఏటవాలు కర్రల ఊతం ఇచ్చి, వాటి అడుగున ఇసుక మూటలు పెట్టారు. తలుపు రెక్కను బయటికి, వింగు వైపుకు తెరుచుకునేలా, కీళ్ళు వెనుక వైపు ఉండేలా బిగించారు. అలా అయితే తలుపు తెరిచినప్పుడు రెక్కే అడ్డుగా నిలిచి వెనుక నిలబడిన వారు కనిపించరు, నటి తలుపు వెనుక చిక్కుకోకుండా నేరుగా ప్రవేశిస్తుంది. విసురుగా వేసినప్పుడు ఫ్లాటు కదలలేదు, గుడ్డ మీద ఒక్క అల కూడా రాలేదు.

పోటీ రోజు ఉదయం ఖాళీ హాలులో యజమాని చేసిన ఒక పని నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. సెట్టు నిలబెట్టగానే వెళ్ళి మొదటి వరుసలో ఎడమ చివరి కుర్చీలో కూర్చున్నారు, తరువాత కుడి చివరి కుర్చీలో, తరువాత వెనక గోడకు ఆనుకుని ఉన్న ఆఖరి వరుసలో. ఎడమ చివరి నుంచి చూస్తే వింగులో కుర్చీ వేసుకుని మాటలు అందించే ప్రాంప్టరు కాళ్ళు కనిపిస్తున్నాయని గమనించి ఒక వింగును అడుగున్నర లోపలికి తిప్పించారు. పైనున్న లైటు పైపు కనపడకుండా నల్ల ఝాలరును కిందికి దింపించారు. దర్శకులం మేమంతా హాలు మధ్య కుర్చీ నుంచి చూసి బాగుందనుకుంటాము. ప్రేక్షకులలో సగానికి పైగా ఆ మధ్య కుర్చీలో ఉండరు.

పరిషత్తు వారు సెట్టు మార్చుకోవడానికి మాకిచ్చిన వ్యవధి పావుగంట. ఫ్లాట్ల వెనుక అంకెలు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. నలుగురు కుర్రవాళ్ళు ఒకరినొకరు కేక వేయకుండా, అంకెల వరుసలో ఒక్కొక్కటి తెచ్చి నిలబెట్టి, పదకొండు నిమిషాలలో పని ముగించారు.

రంగాలంకరణ బహుమతి మాకు రాలేదు. రెండంతస్తుల మేడ వేసిన మరొక సమాజానికి వచ్చింది. ఆ మేడ పనితనం నిజంగా గొప్పది, ఒప్పుకుంటాను. అయితే ఆ నాటికలో ఒక్క పాత్ర కూడా ఆ మేడ మెట్లు ఎక్కలేదు, దిగలేదు. గంటసేపూ అందరూ దాని ముందు మిగిలిన ఆరడుగుల జాగాలోనే తిరిగారు. న్యాయనిర్ణేతలు కంటికి కనిపించే శ్రమను గౌరవించడం సహజం. రంగాలంకరణను నటన నుంచి విడదీసి మార్కులు వేసినంతకాలం ఇలాగే జరుగుతుందని నా అభిప్రాయం.

ఇక లోపం. లైట్లు ఈ సంస్థకు సొంతంగా లేవు. మరొకరి దగ్గర అద్దెకు తీసుకుని తెస్తారు. అలా వచ్చిన వాటిలో సగం హాలోజన్లు, సగం ఎల్ఈడీ పార్ లైట్లు. హాలోజన్ వెలుగు డిమ్మరు మీద మెల్లగా తగ్గుతూ పసుపు నుంచి ఎరుపుకు దిగి ఆరిపోతుంది. వాళ్ళు తెచ్చిన ఎల్ఈడీలు తగ్గుతూ తగ్గుతూ చివరిలో ఒక్కసారి తటాలున ఆరిపోయాయి. తెల్లవారుజామున చీకటి విడే దృశ్యంలో వెలుగు మెట్లు మెట్లుగా పెరిగింది. అంతకన్నా బాధ కలిగించినది వెన్నెల. ముదురు నీలం వెలుగు వేశారు. నీలం వెలుగులో ఎరుపు నల్లగా కనబడుతుందన్నది నాటకం వాళ్ళకు తెలియని సంగతి కాదు. కోడలి ఎర్రంచు చీర అంచు నల్లబడింది, ఆమె నుదుటి కుంకుమ మచ్చలా కనిపించింది, పెదవులు వాడిపోయినట్టయ్యాయి. ముఖాల మీదికి కాస్త లేత పసుపు వెలుగు పక్క నుంచి కలిపి ఉంటే సరిపోయేది. ముందు రోజు రాత్రి మేకప్‌తో, చీరలతో లైట్ల రిహార్సల్ చేద్దామని నేను అడిగాను. లైట్లు ప్రదర్శన రోజు ఉదయానికి గాని రాలేదు.

సెట్టులో ఇంత ఆలోచన పెట్టిన వ్యక్తి వెలుగును మరొకరికి వదిలేయడం నాకు మింగుడుపడలేదు, ఆ మాట ఆయనతో కూడా అన్నాను. వెలుగు సెట్టులో భాగమే. కొన్ని సందర్భాలలో సెట్టంతా అదే. 1959లో కలకత్తా మినర్వా థియేటరులో బెంగాలీ నటుడు, దర్శకుడు ఉత్పల్ దత్ బృందం ఆడిన బొగ్గుగని నాటకంలో, గనిలోకి నీరు ముంచుకొచ్చి కార్మికులు మునిగిపోయే దృశ్యాన్ని వెలుగుల నిపుణుడు తాపస్ సేన్ దీపాలతోనే చూపించారు. అంత దూరం పోనక్కరలేదు. మన నెల్లూరు సీమలో తోలుబొమ్మలాట చూసినవారికి ఒక తెల్లని పంచె, దాని వెనుక ఒక దీపం ఉంటే లంకానగరం ఎలా నిలబడుతుందో తెలుసు. దీపాన్ని తెరకు దగ్గర చేస్తే ఏమవుతుందో, బొమ్మను తెర నుంచి దూరం జరిపితే నీడ ఎలా పెరుగుతుందో ఆ కళాకారుల చేతులకు పుట్టుకతో వచ్చిన విద్య. రంగాలంకరణ అంటున్నప్పుడు మనం మొదట చూడవలసినది ఆ తెర వైపు.

ఇప్పుడు పద్యనాటకం. ఇక్కడ పని స్వభావమే వేరు. పల్లెలో వేసిన పందిరి వేదిక ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల లోతు. పాత్రధారులను కాంట్రాక్టరు వేరు వేరు ఊళ్ళ నుంచి కూర్చి తెస్తాడు. రిహార్సల్ ఉండదు, హార్మోనిస్టు శ్రుతి ఇస్తే చాలు. ఇటువంటి చోట అర్థాలు వెతికే సెట్టుకు జాగా లేదు. జనానికి చిత్రించిన తెరలు కావాలి, ఆ తెరలు మారాలి. ఈ తెరల వెనుక మన రంగస్థల చరిత్ర అంతా ఉంది. 1880లో ధార్వాడ నాటక బృందం ఆంధ్ర ప్రాంతానికి వచ్చి ఆడిన ప్రదర్శనలు, పార్శీ నాటక కంపెనీల ఆడంబరం మనవారికి తెరల రుచి చూపించాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుతో మొదలైన సురభి నాటక కుటుంబాలు ఆ తెరలను, మాయలను ఊరూరా తిప్పి తెలుగు వారి కళ్ళలో నిలిపాయి. టంగుటూరి ప్రకాశం పంతులు కూడా బాల్యంలో ఒంగోలులో గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి అండతో నాటకాల్లో వేషాలు కట్టినవారే. ఈ గడ్డ మీద తెరను చిన్నచూపు చూడటం నాకు చేతకాదు. చిన్నతనంలో నెల్లూరు పురమందిరంలో అడవి తెర దిగినప్పుడు ఆకుల చప్పుడు విన్నట్టే ఉండేది నాకు.

సంస్థ తెచ్చిన తెరలు నాలుగు: దర్బారు, వీధి, అడవి, శ్మశానం. దర్బారు తెర పాతది, యజమాని తండ్రిగారు స్వయంగా వేసినది. స్తంభాల వరుస రెండు వైపుల నుంచి దూరమవుతూ పోయి నడుమ సింహాసనం దగ్గర కలుస్తుంది. దూరంగా చూస్తే వంద అడుగుల సభామంటపం. కానీ ఇలా దూరాన్ని భ్రమింపజేసే చిత్రానికి ఒక నియమం ఉంది: మనిషి దాని పక్కకు పోకూడదు. దూరాన ఉన్నట్టు చిత్రించిన స్తంభం నిజానికి నాలుగున్నర అడుగులే. నటుడు దాని పక్కన నిలబడితే స్తంభం అతని భుజం దాకా వస్తుంది, సభామంటపం బొమ్మరిల్లయిపోతుంది. అందుకని తెరకు నాలుగడుగుల ముందు సుద్దతో అడ్డగీత గీసి, గీత దాటవద్దని పాత్రధారులందరికీ ఒక్కొక్కరికీ చెప్పారు. కొందరు పాటించారు. నక్షత్రకుడు వేసిన ఆయన మాత్రం పద్యం ఎత్తుకున్న ఆవేశంలో వెనక్కి వెనక్కి నడిచి స్తంభానికి భుజం ఆనించాడు. రాగం బాగుంది కనుక జనం పట్టించుకోలేదు. నాకు మాత్రం అక్కడ కన్ను ఆగిపోయింది. ఆయనది తప్పనను, రిహార్సల్ లేని నాటకంలో గీత గీయడం కన్నా, లోతు లేని దర్బారు తెర ఒకటి వేయించుకోవడం మేలు.

శ్మశానం తెర చాలా బాగుంది. ఆర్భాటం తక్కువ: మసక ఆకాశం, మోడు చెట్టు ఒకటి, దూరంగా ఆరిన చితి. తెల్లవారుజామున మూడు దాటాక అడవి తెర పైకి చుట్టుకుపోయి దాని వెనుక ఇది కనబడగానే, అప్పటిదాకా గుసగుసలాడుతున్న జనం నిశ్శబ్దమయ్యారు. కాటి సీను మొదలు కాబోతున్నదని ఆ తెరే చెప్పింది. చంద్రమతి కొడుకును భుజాన వేసుకుని వేదికను ఒక్క చుట్టు చుట్టి వచ్చింది. ఆ ఒక్క చుట్టులో ఆమె అడవి దాటి కాటికి చేరింది. నాట్యశాస్త్రం పేరు ఎన్నడూ వినని నటి, నడకతో స్థలం మార్చింది, వెనుకనున్న తెర ఆమె మాటకు సాక్ష్యం పలికింది. తెరా నడకా ఒకదానికొకటి తోడైన ఆ క్షణం చూశాక, ఆపియా వాదన అంతా నిజమే అయినా మన పద్యనాటకానికి చిత్రించిన తెర వద్దని మాత్రం నేను అనలేను.

ఆ రాత్రి రెండు ఇబ్బందులు వచ్చాయి. వీధి తెర బొంగు ఒకచోట వంగి ఉండడం వల్ల, పైకి లాగేటప్పుడు తెర ఏటవాలుగా చుట్టుకుని సగంలో ఆగిపోయింది. ఒక కుర్రవాడు నిచ్చెన ఎక్కి చేత్తో నెట్టవలసి వచ్చింది. తెచ్చే ముందు ఒకసారి వేసి తీసి చూసుకుని ఉంటే ఇది తప్పేది. రెండవది కరెంటు. వెయ్యి వాట్ల హాలోజన్లు నాలుగు తెచ్చి గుడి లైనుకు తగిలించారు. నాలుగు వేల వాట్లంటే 230 వోల్టుల మీద 17 ఆంపియర్లకు పైనే. దానికి మైకు సెట్టు కూడా తోడైంది. మొదటి అంకంలోనే ఫ్యూజు పోయింది. పావుగంట చీకటి. తరువాత రెండు లైట్లు తీసేసి నెట్టుకొచ్చారు. పల్లెలో ఆడేటప్పుడు జనరేటరు మాట ఒప్పందంలోనే రాసుకోవాలని మేము నేర్చుకున్నాము. ఆ మాట ముందుగా వాళ్ళే చెప్పి ఉండవలసింది.

అద్దెల సంగతి. నాటికకు, బ్యారన్ కోసం కొత్తగా చేసిన కర్రల వరుసలు, పొయ్యి ఫ్లాటుతో కలిపి మేము ఇచ్చినది 22,000 రూపాయలు. లైట్లు, లారీ కిరాయి వేరు. పద్యనాటకానికి నాలుగు తెరలు, వింగులు, సింహాసనం, నలుగురు మనుషులు కలిపి 14,000. మా వంటి చిన్న సమాజానికి మొదటి మొత్తం భారమే. అయితే ఆ కర్రల వరుసలను వాళ్ళు మా పేరుతో దాచి ఉంచారు. ఆ నాటిక మళ్ళీ ఆడిన ప్రతిసారీ సామగ్రి అద్దె మాత్రమే, తయారీ ఖర్చు ఉండదు. ఫ్యూజు పోయిన రాత్రికి అడగకుండానే వెయ్యి రూపాయలు తగ్గించారు. బిల్లు చేతిరాతతో, ప్రతి వస్తువూ విడివిడిగా రాసి ఇస్తారు. పగిలిన లాంతరు గాజుకు మా వద్ద ముప్ఫై రూపాయలు పట్టుకున్నారు, అది న్యాయమే.

సెట్టు, తెరలు, సామగ్రి, మనుషుల క్రమశిక్షణ విషయంలో ఈ సంస్థను ఏ సమాజానికైనా నిస్సంకోచంగా చెబుతాను. లైట్లు మాత్రం మీకు నమ్మకమున్న వారిని విడిగా పెట్టుకోండి, ఆ మనిషిని సెట్టు గీసే రోజునే ఆ షెడ్డుకు తీసుకెళ్ళి ఇద్దరినీ కూర్చోబెట్టండి. పరిషత్తులు, తిరునాళ్ళు ఒకేసారి వచ్చిపడే నెలల్లో వారికి తీరిక ఉండదు. కనీసం నెల ముందు స్క్రిప్టు అందాలి. స్క్రిప్టు లేకుండా వెళితే తెరలు ఇస్తారు గాని, ఆ ప్రశ్నలు మీకు దొరకవు.

కొత్త నాటిక స్క్రిప్టు పోయిన వారమే ఇచ్చి వచ్చాను. అందులో ఇంటి ముందు ఒక బావి ఉంది. నిన్న ఫోన్ చేశారు. బావి గట్టు ఎంత ఎత్తు పెట్టాలో తేల్చే ముందు, ఆ గట్టు మీద చెయ్యి ఆనించి ఏడవవలసిన అమ్మాయి ఎంత పొడుగో చెప్పమన్నారు.